ఎగ్జిబిషన్ స్టాల్లో కంప్యూటర్ పార్టులు కొనొచ్చా?

హైదరాబాద్ ఎగ్జిబిషన్లలో, ట్రేడ్ షోలలో కంప్యూటర్ పార్టులు నిజంగానే చవగ్గా వస్తాయా అని అడిగారు. కొన్ని వస్తాయి. కానీ ధర అడిగినంత గట్టిగా బిల్లు ఎవరూ అడగరు, తర్వాత ఏడ్చేది అక్కడే.

వెళ్లే ముందు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రెండు మూడు షాపుల్లో అదే మోడల్ ధర, జీఎస్టీతో కలిపి, కనుక్కుని రాసుకోండి. స్టాల్లో "బిల్లు కావాలంటే రేటు వేరే" అన్నాడంటే ఆ తేడా 18 శాతం జీఎస్టీయే. దాన్ని డిస్కౌంట్ అనుకోకండి.

బిల్లు మీది 15 అక్షరాల జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రానివి. తెలంగాణకు 36, ఆంధ్రకు 37. అలాగని 36 చూసి మురిసిపోవద్దు. ఢిల్లీ నుంచి పది రోజుల స్టాల్ కోసం వచ్చినవాడు కూడా ఇక్కడ తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకుంటాడు, అది మామూలుగా 90 రోజులకు మించదు. జీఎస్టీ పోర్టల్లో నంబరు కొడితే 'క్యాజువల్' అని కనిపిస్తుంది. అలాంటి చోట షాపు వారంటీ అంటే నీటి మీద రాతే. కంపెనీ వారంటీ ఉన్నదే తీసుకుని, పెట్టె మీది సీరియల్ నంబరు బిల్లులో రాయించండి. దిగుమతి సరుకైతే ఇంపోర్టర్ పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ఉన్న స్టిక్కర్ ఉండి తీరాలి.

ఎస్ఎంపీఎస్, అంటే కంప్యూటర్ పార్టులన్నిటికీ కరెంటు అందించే డబ్బా, మాత్రం స్టాల్లో కొనకండి. గ్రాఫిక్స్ కార్డుకు ముప్పై వేలు పోసి దీని దగ్గర ఎనిమిది వందలతో సరిపెట్టేవాళ్లను ఏమనాలో తెలీదు. అద్దాల క్యాబినెట్, రంగురంగుల ఫ్యాన్లు, పైన పటారం లోన లొటారం. పెట్టె మీద 450 వాట్స్ అని పెద్దక్షరాలతో ఉంటుంది. పక్కకి తిప్పి లేబుల్లో +12 వోల్ట్ గడి కింద ఎన్ని ఆంపియర్లో చూడండి. 16 అని ఉంటే 12 × 16 = 192 వాట్స్, అంతే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు లాగేది దాదాపు అంతా ఆ లైన్ నుంచే. కోర్ ఐ5 12400 ప్రాసెసర్ గరిష్ఠంగా 117 వాట్స్ తీసుకుంటుంది, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు ఇంకో 115. కలిపితే 232. ఎక్సెల్, యూట్యూబ్ బ్రహ్మాండంగా నడుస్తాయి, గేమ్ పెట్టిన కాసేపటికి సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. అందరూ కార్డును తిడతారు.

పదిహేను వందలకు 2 టీబీ పోర్టబుల్ ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే డ్రైవ్) అంటే లోపల ఏ 64 జీబీ మెమరీ కార్డో ఉంటుంది. డ్రైవ్‌ను నడిపే కంట్రోలర్ చిప్ చేత అబద్ధం చెప్పిస్తారు కాబట్టి విండోస్ కూడా 2 టీబీ అనే చూపిస్తుంది. 64 దాటాక కాపీ చేసిన ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి కానీ తెరుచుకోవు. స్టాలు వాడి ముందు ఒక సినిమా కాపీ చేసి చూస్తే ఇది బయటపడదు. ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లి వ్యాలిడ్రైవ్ అనే ప్రోగ్రాం నడపండి. డ్రైవ్ మొత్తం మీద 576 చోట్ల రాసి చదివి, నిజంగా ఎంత ఉందో కాసేపట్లో తేలుస్తుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఇంకో ప్రోగ్రాం ఇంకా గట్టిది గానీ మొత్తం నింపుతుంది, గంటలు పడుతుంది, అది ఇంటి దగ్గర. 1 టీబీ డ్రైవ్ 931 జీబీ అని కనిపిస్తే మాత్రం గొడవ పెట్టుకోకండి, అది లెక్క కట్టే పద్ధతిలో తేడా.

కొత్తదంటూ ఇచ్చే ఎస్ఎస్‌డీని క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రాంలో చూడండి. పవర్ ఆన్ గంటలు సున్నా దగ్గర్లో ఉండాలి. 4,000 ఉంటే అది ఏదో ఆఫీసులో పనిచేసి రిటైరైన డిస్కు. గ్రాఫిక్స్ కార్డును చూడటానికి జీపీయూ-జడ్ అనే ప్రోగ్రాం ఉంది. పాత జీటీఎస్ 450 చిప్ ఉన్న కార్డుకు బయోస్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి, దానికన్నా కొత్తదైన జీటీఎక్స్ 1050 టీఐగా అమ్మితే పేరు ముందే 'ఫేక్' అని చూపిస్తుంది. నడిపి చూపించను అంటే పక్క స్టాలుకి పదండి.

మరి ఏం కొనాలి? మానిటర్లు, క్యాబినెట్లు, కీబోర్డులు. తిరిగి మోసుకెళ్లడం వాళ్లకు ఖర్చు కాబట్టి చివరి రోజు సాయంత్రం గట్టిగా బేరమాడండి. మానిటర్ అయితే తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం తెరలు ఒక్కొక్కటి నిండా పెట్టించి, మచ్చలు లేవని చూశాకే డబ్బు తీయండి.