ఏదో ఒకటి అడగడానికి వెళ్ళు

అమ్మాయ్,

నీ మెసేజ్ చదివాను. ఫోన్లో అంత పొడుగు టైపు చెయ్యడం నా వల్ల కాదు, అందుకని కాగితం తీశాను. ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళ కోసం మీ కుర్రాళ్ళంతా కలిసి ఏదైనా చేద్దామనుకుంటున్నారని, వచ్చే అక్టోబరు 1న వృద్ధుల దినోత్సవం పెట్టి అందరికీ శాలువాలు కప్పుతారని రాశావు. చేద్దామనుకోవడం బాగుంది. శాలువాలు మాత్రం వద్దు.

ఆ ముచ్చట నేనూ తీర్చుకున్నాను. రిటైరైన ఏడాది మా రామాలయం దగ్గర షామియానా వేయించి, మైకు పెట్టించి, నలభై మందిని కూర్చోబెట్టాను. ఉపన్యాసాలు రెండున్నర గంటలు సాగాయి. శాలువా కప్పడానికి ఒక పెద్దాయన పేరు పిలిస్తే ఆయన లేవలేదు. వినపడలేదేమోనని మైకులో ఇంకోసారి గట్టిగా పిలిచాను. దగ్గరికి వెళ్ళాక చూశాను, పంచె తడిసిపోయి ఉంది. చుట్టుపక్కల మరుగుదొడ్డి లేదు, నలుగురి మధ్యలోంచి లేచి వెళ్ళడానికి ఆయనకి మొహమాటం. ఆ తర్వాత ఆయన ఏ పెళ్ళికీ, ఏ భోజనానికీ రాలేదు. అంతకుముందు అప్పుడప్పుడైనా బయటికొచ్చే మనిషిని నేనే ఇంట్లో కూర్చోబెట్టాను.

కాబట్టి ముందు బాత్రూమ్ చూసుకో, మిగతావన్నీ తర్వాత. ఆదివారం పొద్దున స్కూలు వరండా మంచిది. బెంచీలుంటాయి, కుళాయి ఉంటుంది. రామాలయం అరుగు మీద ఎవరు కూర్చుంటారో, ఎవరు కూర్చోరో నీకు నేను చెప్పక్కర్లేదు. పేటలో వాళ్ళు రారు, ఆడవాళ్ళు అసలే రారు. స్కూలైతే అందరి పిల్లలూ చదివిన చోటు. సాయంత్రం మాత్రం పెట్టకు. శుక్లాలున్న కళ్ళతో మసక చీకట్లో కాలవ గట్టు మీద నడవాలంటే టెన్షన్.

ఇక అసలు సంగతి. నేను ముప్పై ఎనిమిదేళ్ళు ఉత్తరాలు పంచాను కదా. కాలవ అవతల డాబా ఇంట్లో ఒకావిడ ఉండేది, పిల్లలిద్దరూ అమెరికాలో. నేను వెళ్ళినప్పుడల్లా కరెంటు బిల్లు తెచ్చి, "అక్షరాలు ఆనడం లేదు, కాస్త చదివి పెట్టు బాబూ" అనేది. యూనిట్లెన్నో, రూపాయలెన్నో నిలబడి చదివేవాణ్ణి. ఈలోపు మజ్జిగ వచ్చేది. చాలా ఏళ్ళకి ఓ రోజు వేళ కాని వేళ వెళ్ళాను. ఆవిడ వరండాలో కూర్చుని పేపర్లో సన్నక్షరాలు తీరిగ్గా చదువుకుంటోంది. ఇద్దరం ఏమీ అనుకోలేదు. లోపలికెళ్ళి బిల్లు తెచ్చింది, నేను చదివాను.

ఊరికే రమ్మనడం పెద్దవాళ్ళకి నామోషీ. నువ్వు ఊరికే వెళ్ళి "ఎలా ఉన్నారు మామ్మగారూ" అన్నా, "నాకేం, బాగానే ఉన్నాను" అని పంపేస్తారు. అందుకని ఏదో ఒకటి అడగడానికి వెళ్ళు. మాగాయకి ఉప్పెంత పడుతుంది? మన చేనుకి నీళ్ళు పూర్వం ఏ బోదెలోంచి వచ్చేవి? మా తాతగారి పెళ్ళివారు పడవలో వచ్చారట, నిజమేనా? పళ్ళూ బిస్కెట్లూ పట్టుకెళ్తే వాళ్ళు నీకు బాకీ పడతారు. అడగడానికి వెళ్తే నువ్వే వాళ్ళకి బాకీ. ఆ లెక్కలో వాళ్ళకి సుఖం.

వస్తానన్న రోజూ, వస్తానన్న వేళా తప్పకు. నెలకోసారి పాతికమంది వెళ్ళి ఫొటోలు దిగేకంటే, వారానికి రెండుసార్లు ఒక్కరే ఒకే వేళకి వెళ్ళడం మేలు. ఎదురుచూపుల్లో సగం రోజు గడుస్తుంది. రాలేకపోతే కబురు పెట్టాలి, అది మర్చిపోకు.

ఎవరెవరు ఒంటరిగా ఉన్నారో తెలియాలంటే ఒకటో తారీకు పొద్దున పెన్షన్ పంచే గ్రామ సచివాలయం వాళ్ళ వెంట ఒక్కసారి తిరుగు. మా వీధిలో ఓ మామ్మ ఆ రోజు ఆరింటికే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని అరుగు మీద కూర్చుంటుంది. 2024 జులై నుంచి 4 వేలు ఇస్తున్నారు కదా, ఆ డబ్బు కొంగున ముడేసుకున్నాక కూడా వచ్చిన అమ్మాయిని కదలనివ్వదు. పాపం ఆ పిల్లకి ఇంకా చాలా ఇళ్ళుంటాయి.

అమెరికా పిల్లల తల్లిదండ్రులే ఒంటరివాళ్ళనుకునేవు. కూతుళ్ళు కువైట్ వెళ్తే మనవల్ని పెంచుతున్న అమ్మమ్మలు కాలనీలో ఎంతమంది లేరు! ఇల్లంతా గోలే, తన ఈడు వాళ్ళతో మాట్లాడే తీరిక మాత్రం ఉండదు. ఆదివారం వాళ్ళ పిల్లల్ని రెండు గంటలు మీరు ఆడించండి.

మగవాళ్ళ తంటా వేరు. రోజూ టీ కొట్టుకొచ్చే మనిషి మానేస్తే పొగరనుకోకు, ముందు చెవులు చూపించమను. నలుగురూ ఎందుకు నవ్వుతున్నారో తెలియక నేనూ ఏడాది పాటు ఇంట్లోనే కూర్చున్నాను. చెవి మిషన్ పెట్టుకున్న కొత్తలో గిన్నెల చప్పుడుకే తలనొప్పి వచ్చేది, తర్వాత అలవాటైంది. అలాంటివాళ్ళతో చెవిలో అరవకు, ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడు.

అన్నం మానేసి, స్నానం మానేసి, "ఇంకా ఎందుకీ బతుకు" అంటుంటే అది నీ కబుర్లతో తీరేది కాదు, డాక్టరుకి చూపించాల్సిందే. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్ళు, అంటే మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టినవాళ్ళు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా సరే. పిల్లలు తిండి పెట్టకపోయినా, ఆస్తి రాయించుకుని గెంటేసినా పెద్దవాళ్ళ కోసం 14567 ఎల్డర్ లైన్ ఉంది. తల్లిదండ్రుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం ప్రకారం ఆర్డీవో దగ్గర పిటిషన్ వేసుకోవచ్చు. బాగా చూసుకోవాలన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తయితే, చూసుకోనప్పుడు ఆ దస్తావేజు రద్దు చేయించుకునే వీలూ ఉంది. కానీ నువ్వు తొందరపెట్టకు. కొడుకు పరువు పోతుందని చాలామంది నోరు విప్పరు. వాళ్ళు సరే అన్నాకే కదులు.

వర్షాకాలం వచ్చి గోదారి పోటెత్తకముందే, ఏటి మధ్య లంకలో ఒంటరిగా ఉన్నవాళ్ళెవరు, ఏ మాత్రలు వాడతారు, పడవ దాకా ఎత్తుకు రావాల్సినవాళ్ళెవరు, అన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకో. 1996 నవంబరు 6 తుఫానుకి కొబ్బరిచెట్లు దారికడ్డంగా పడిపోయి, కొన్ని ఇళ్ళకి మూడో రోజుగ్గానీ చేరలేకపోయాం. కప్పు ఎగిరిపోయిన ఇంట్లో ఉన్న ఒక ముసలాయన గాలి సంగతే ఎత్తలేదు. "మూడు రోజులు కేకేశానురా, ఎవరూ పలకలేదు" అన్నాడు.

రాజోలు వైపు వస్తున్న మనిషి చేత ఈ ఉత్తరంతో పాటు ఒక లేత పనసకాయ పంపుతున్నాను. మీ వీధి చివరి మామ్మగారు గుర్తుందా? నీ ఓణీల ఫంక్షన్‌కి కూరకి పనసపొట్టు మొత్తం ఆవిడే కొట్టింది. కత్తికి నూనె రాసుకుని, ఎడం చేత్తో కాయ తిప్పుతూ, తల కూడా ఎత్తకుండా కొట్టేది. ఇప్పుడు బజార్లో కొట్టిన పొట్టే అమ్ముతున్నారు, ఆవిణ్ణి అడిగేవాళ్ళు లేరు. కాయ పట్టుకెళ్ళి పొట్టు కొట్టడం నేర్పమను. నీకొచ్చినా రాదనే చెప్పు. ఇంట్లో ఆవపిండి ఉందా అని అడిగితే, అదీ లేదని చెప్పు.

మీ మావయ్య