‘బ్యాకప్ తీస్తాం’ అంటే రోజూనా, రేపా?

సందేహం: చీమకుర్తి గ్రానైట్ యూనిట్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిస్తుంటాం. ప్రాజెక్టు అప్పజెప్పాక కూడా సపోర్ట్ పని ఆగదు. వారం రిపోర్టులో దాని ఎదురుగా ‘జరుగుతోంది’ అని రాస్తే ‘ఎప్పటికి అవుతుంది?’ అని పైవాళ్లు అడుగుతున్నారు. ‘బ్యాకప్ తీస్తాం’ అని రాస్తే ‘ఎప్పుడు?’ అంటున్నారు. ఏం రాయమంటారు? – ఒక పాఠకుడు, ఒంగోలు

సమాధానం: రెండూ వ్యాకరణయుక్తమే. చిక్కల్లా వాటి అర్థంతోనే. ‘జరుగుతోంది’ అంటే మొదలైన పని ఇంకా ముగియలేదని. ముగింపున్న పనికే అది నప్పుతుంది కాబట్టి మీ పైవాళ్లు గడువు అడగడంలో తప్పులేదు.

‘తీస్తాం’ సంగతి వేరు. ‘ఆయన రోజూ కావలి నుంచి వస్తాడు’, ‘ఆయన రేపు వస్తాడు’ – క్రియ ఒకటే. మొదటిది అలవాటు, రెండోది భవిష్యత్తు. అలవాటును చెప్పే క్రియను మన వ్యాకరణాల్లో తద్ధర్మార్థకం అన్నారు. గ్రాంథికంలో భవిష్యత్తుకు ‘చేయగలడు’ అనే వేరే రూపం కూడా ఉండేది. ఇప్పుడది సామర్థ్యం చెప్పడానికి వెళ్లిపోయింది, ఆఫీసు ఉత్తరాల్లో ‘గమనించగలరు’ దగ్గర మాత్రం మిగిలింది. అందుకే ‘రోజూ’ లాంటి మాట పక్కన లేకపోతే ‘తీస్తాం’ మాట ఇచ్చినట్టే వినిపిస్తుంది.

మీకు కావలసింది ‘తీస్తుంటాం’. నెల్లూరు వైపు వాడుకలో ఈ తేడా చక్కగా వినబడుతుంది: ‘చేస్తా ఉండాం’ అంటే ఇప్పుడు చేతిలో ఉన్న పని, ‘చేస్తా ఉంటాం’ అంటే ఎప్పుడూ ఉండే పని. రాతలో అవే ‘చేస్తున్నాం’, ‘చేస్తుంటాం’. అప్పగించిన నాటి నుంచి ఇవాళ్టి దాకా విడవకుండా చేశామని చెప్పాలంటే ‘చేస్తూ వస్తున్నాం’.

అయితే ‘తీస్తుంటాం’ ఒక్కటే రాసి ఊరుకుంటే ప్రతి వారం రిపోర్టూ ఒకేలా ఉంటుంది. దాన్ని పని పేరు దగ్గరే శాశ్వతంగా ఉంచి, ఎదురుగా ఆ వారం సంగతి భూతకాలంలో రాయండి: ‘బ్యాకప్ శనివారం తప్ప రోజూ తీశాం, సపోర్ట్‌కు తొమ్మిది గంటలు పట్టింది.’ ఇక విడివిడి కంప్లయింట్లకు ముగింపు ఉంటుంది. ‘జీఎస్టీ బిల్లు ప్రింట్ రావడం లేదు’ అని వచ్చినదాని పక్కన ‘చూస్తున్నాం’ అనో ‘సరిచేశాం’ అనో నిక్షేపంగా రాయవచ్చు. ‘సరిచేయబడినది’ మాత్రం వద్దు, ఎవరు చేశారో అందులో తెలియదు.