రిఫైనరీ మురుగునీటిలో నూనె పైకి తేలుతుంది కదా, దాన్ని తీసేస్తే సరిపోదా?

సరిపోదు. తేలే నూనెతో పెద్ద ఇబ్బంది లేదు. ఏపీఐ సెపరేటర్ అనే పొడవాటి తొట్టెలో నీళ్లు నెమ్మదిగా కదులుతుంటే సుమారు 150 మైక్రాన్లు దాటిన నూనె బొట్లు పైకి చేరతాయి, స్కిమ్మర్ వాటిని లాగేస్తుంది.

చిక్కంతా ఎమల్షన్‌తోనే, అంటే సన్నటి బొట్లుగా నీటిలో కలిసిపోయి విడిపోని నూనెతోనే. ముడిచమురులోని ఉప్పును కడిగే డీసాల్టర్ నుంచి వచ్చే నీళ్లలో బొట్లు ఎంత సన్నగా ఉంటాయంటే, గ్లాసులో పట్టి గంటసేపు కదలకుండా ఉంచినా మసక విడదు. (పైగా ఆ నీళ్లను జోరుగా తిరిగే సెంట్రిఫ్యూగల్ పంపుతో తోడితే, నూనెను మనమే ఇంకాస్త చిలికినట్టు.) అందుకే పటిక లాంటిది కలిపి బొట్లను గుంపులు కట్టిస్తారు. తర్వాత, ఒత్తిడితో గాలి కరిగించిన నీటిని లోపలికి వదులుతారు. సోడా సీసా మూత తీసినట్టు సన్నటి బుడగలు లేచి నూనెను పైకి మోసుకొస్తాయి. దీన్ని డీఏఎఫ్ (డిజాల్వ్డ్ ఎయిర్ ఫ్లోటేషన్) అంటారు.

నీటిలో కరిగిపోయిన ఫినాల్ లాంటివి ఇలా తేలవు, వాటిని బ్యాక్టీరియా తినాల్సిందే. కానీ హైడ్రోజన్ సల్ఫైడ్, అమ్మోనియా ఉన్న సోర్ వాటర్‌ను ముందే ఆవిరితో స్ట్రిప్పింగ్ చేయాలి, అంటే ఆ వాయువులను నీటిలోంచి వెళ్లగొట్టాలి. ఆ స్ట్రిప్పర్ మొరాయిస్తే ఆపరేటర్లకు అసలు టెన్షన్ మొదలవుతుంది: సల్ఫైడ్ దెబ్బకు బ్యాక్టీరియా చచ్చిపోతే, మళ్లీ పెంచడానికి వారాలు పట్టవచ్చు.