ఇంట్లో పిన్‌బాల్ మెషీన్ పెట్టుకుంటే కొన్నాళ్లకు బోర్ కొడుతుందా?

మొదటి మోజు తగ్గడం ఖాయం గానీ, స్కోరు పెంచుకోవాలన్న పట్టుదల ఉన్నవాళ్లకు మంచి మెషీన్ ఏళ్ల తరబడి బోర్ కొట్టదు. వాలు బల్ల మీద దొర్లే స్టీలు బంతి ఫ్లిప్పర్‌కు (బటన్ నొక్కితే బంతిని పైకి కొట్టే చిన్న రెక్కకు) తగిలే చోటు వెంట్రుకవాసి మారినా దారి మారిపోతుంది కాబట్టి ఏ రెండు ఆటలూ ఒకేలా సాగవు. రూల్స్ కూడా లోతుగా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. 1997లో విలియమ్స్ కంపెనీ తెచ్చిన మెడీవల్ మ్యాడ్‌నెస్ అనే మెషీన్‌నే చూడండి: బల్ల మధ్యలో ఉన్న బొమ్మ కోట వంతెనను బంతితో పదేపదే కొట్టి దించాలి, ఆపై తలుపు, ఆపై కోట. గురి తప్పితే బంతి తిన్నగా ఫ్లిప్పర్ల మధ్య నుంచి జారిపోవచ్చు. ఒక కోట కూల్చడం కొత్తవాళ్ల వల్లా అవుతుంది. మిగతా లక్ష్యాలన్నీ ముగించి చివరి యుద్ధం దాకా వెళ్లడం మాత్రం ఏళ్లుగా ఆడేవాళ్లకూ చెమటలు పట్టిస్తుంది. అదీ తేలికైపోతే వెనక కాళ్లు కాస్త ఎత్తి వాలు పెంచండి, బంతి వేగం పుంజుకుంటుంది.

చాలామంది పొరబడేది ఇంకోచోట. ఇంట్లో ఆడేది తక్కువ కదా, రిపేర్లు రావనుకుంటారు. ఆడకపోయినా రబ్బరు రింగులు ఎండి పగులుతాయి. ఆడుతుంటే ఫ్లిప్పర్లు నీరసిస్తాయి, మసి పేరుకుని బంతి మందగిస్తుంది. అప్పుడప్పుడు అద్దం తీసి తుడిచే ఓపిక లేకపోతే ఎంత మంచి మెషీనైనా మూలన పడుతుంది.