లాటిన్ అక్షరాల మీది గీత కోసం కొత్త కీబోర్డు దించుకోకండి

సందేహం: త్వరలో సెమినరీలో చేరుతున్నాను. ఫోన్‌లో లాటిన్ క్రియలు సాధన చేస్తున్నాను. ‘వచ్చాడు’ అనే మాట టైప్ చేస్తే యాప్ తప్పంటోంది. అది చూపించే సరైన జవాబూ నేను కొట్టిందీ కంటికి ఒక్కలాగే ఉన్నాయి. అక్షరం మీద గీత రావడానికి ఒక లాటిన్ కీబోర్డు కూడా దించుకున్నాను. పొరపాటు నాదేనా?

మీది కాదు, యాప్‌ది. కానీ ఇది చదివాక మీరు చేయాల్సిన మొదటి పని ఆ కీబోర్డు తీసేయడం. ఎందుకో కింద చెప్తాను. ఇలాంటి ఉత్తరాలు నాకు పదే పదే వస్తున్నాయి, అన్నిటిలోనూ ఈ కీబోర్డే కనిపిస్తోంది.

ముందు గీత సంగతి. రోమన్ లిపిలో హ్రస్వానికీ దీర్ఘానికీ అక్షరం ఒకటే. పాఠ్యపుస్తకాలు దీర్ఘం మీద చిన్న గీత గీస్తాయి, దాన్నే మాక్రాన్ అంటారు. ‘వెనిత్’ అంటే వస్తున్నాడు, ‘వేనిత్’ అంటే వచ్చాడు. ‘లెగిత్’ చదువుతున్నాడు, ‘లేగిత్’ చదివాడు. గీత లేకపోతే ఈ జంటల్లో కాలమే తెలియదు. ఆ గీత ఉన్న అక్షరాన్ని యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అక్షరాలకు వాడే సంకేతాల పట్టికలో, రెండు రకాలుగా రాయొచ్చు. 0113 అనే ఒకే సంకేతం వాడొచ్చు, లేదా మామూలు అక్షరం పెట్టి దాని వెనక 0304 అనే విడి గీతను తగిలించొచ్చు. తెర మీద తేడా ఉండదు, యంత్రానికి మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. మన ఐత్వమూ అంతే: ఒకే గుర్తుగా ఉండొచ్చు, ఎత్వానికి ఇంకో గుర్తు చేర్చినట్టూ ఉండొచ్చు. పోల్చేముందు రెండిటినీ ఒకే రూపానికి తేవాలన్న నియమం యూనికోడ్‌లో ఎప్పటినుంచో ఉంది. ప్రోగ్రాములో ఒక్క వరుస రాస్తే తీరే పని. అది చేయకుండా నేర్చుకునేవాళ్ల మీద తప్పు వేయడం నాకు కోపం తెప్పిస్తుంది. కొన్ని యాప్‌లు గీతలన్నిటినీ చెరిపేసి పోలుస్తాయి. అది ఇంకా చేటు. ‘వస్తున్నాడు’ రాసినా ‘వచ్చాడు’ రాసినా సరైనదే అని పచ్చరంగు చూపిస్తే కాలాలు ఎలా వస్తాయి?

ఇప్పుడు కీబోర్డు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో మీరు కొట్టే ప్రతి అక్షరమూ దాని చేతుల మీదుగానే పోతుంది. యూపీఐ పిన్‌కి వేరే అంకెల తెర వస్తుంది కాబట్టి అది తప్పించుకుంటుంది. నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్, ఆధార్ నంబరు, ఈమెయిల్, ఇంట్లోవాళ్లకు రాసే కబుర్లు, ఇవేవీ తప్పించుకోలేవు. కొత్త కీబోర్డును ఆన్ చేసేటప్పుడు ఆండ్రాయిడ్ ఈ హెచ్చరికే చూపిస్తుంది: పాస్‌వర్డులు, కార్డు నంబర్లతో సహా టైప్ చేసినదంతా ఇది సేకరించగలదని. మనం చదవకుండా ‘సరే’ నొక్కేస్తాం. ఐఫోన్‌లో ‘ఫుల్ యాక్సెస్’ అడిగితే ఇవ్వకండి. అది లేకపోతే కీబోర్డుకు దేన్నీ బయటికి పంపడం కుదరదు. అయిదారు గీత అక్షరాల కోసం కాంటాక్టులూ యాక్సెసిబిలిటీ అనుమతీ అడిగే కీబోర్డును ఒక్క రోజు కూడా ఉంచుకోవద్దు. యాక్సెసిబిలిటీ చేతికిస్తే తెర మీద ఏముందో చదవగలదు, మీ బదులు తనే బటన్లు నొక్కగలదు, ఓటీపీ కూడా చూడగలదు. ప్లే స్టోర్‌లో కాకుండా ఏదో గ్రూపులో వచ్చిన ఏపీకే ఫైలుతో ఎక్కించుకున్నారా? అప్పుడు కీబోర్డు తీసేస్తే సరిపోదు. దాన్ని వాడుతుండగా కొట్టిన పాస్‌వర్డులన్నీ మార్చండి, అదీ నమ్మకమైన వేరే ఫోన్ నుంచి. ఖాతాలో డబ్బు కదిలిందని అనుమానం వస్తే బ్యాంకుకి చెప్పి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అసలు ఆ గీత మీ దగ్గరే ఉంది. చాలా ఫోన్లలో, కంపెనీతో వచ్చిన ఇంగ్లిష్ కీబోర్డులోనే అచ్చును కాసేపు నొక్కిపట్టుకుంటే గీత ఉన్న రూపం పైకి వస్తుంది. విండోస్‌లో మావోరి కీబోర్డు చేర్చుకోండి. న్యూజిలాండ్ మావోరి భాషకూ ఇదే గీత కావాలి కాబట్టి మైక్రోసాఫ్ట్ దాన్ని విండోస్‌లోనే పెట్టింది. 1 అంకెకు ఎడమ పక్కనున్న మీట నొక్కి తర్వాత అచ్చు కొడితే గీత పడుతుంది.

సందేహం: లా చదువుతున్నాను. ‘పంపేవాడు’, ‘పంపాడు’ రెండిటికీ నా లాటిన్ యాప్ ఒకే ఇంగ్లిష్ మాట ఇస్తోంది. మంచి యాప్ ఒకటి చెప్పండి.

యాప్ మార్చినా ఇదే బాధ, ఎందుకంటే అన్నీ మనకు ఇంగ్లిష్ మీదుగానే నేర్పుతున్నాయి. ‘మిత్తేబత్’ అంటే పంపేవాడు, ‘మీసిత్’ అంటే పంపాడు. ఇంగ్లిష్ రెండిటికీ తరచూ ఒకే మాటతో సరిపెట్టుకుంటుంది. తెలుగులో ఈ తేడా చిన్నపిల్లలకు కూడా వచ్చు. ‘వస్తాను’ అంటే ‘నేను’ అని వేరే చెప్పనక్కర్లేదు, లాటిన్ కూడా అంతే: ‘మిత్తో’ అంటే పంపుతున్నాను, ‘మిత్తిముస్’ అంటే పంపుతున్నాం. హ్రస్వదీర్ఘాలు మన లిపిలోనే ఉన్నాయి. ఇన్ని సౌకర్యాలున్న భాషవాళ్లని పట్టుకొని, ఇవేవీ లేని భాషలోంచి నేర్చుకోమంటున్నారు. లక్షలమంది చేతుల్లో ఉండే యాప్‌లు తయారుచేసేవాళ్లు ఒక్కసారైనా తెలుగు మాట్లాడే విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకొని చూశారా అనిపిస్తుంది. అనువాద యంత్రాలదీ ఇదే దారి. ‘మీరు’ అని గౌరవంగా ఒక్కరినే అన్నా బహువచనం చేతిలో పెడతాయి. లాటిన్‌లో, రోమన్ వక్త సిసెరో కాలంలో, ఎంత పెద్దవాళ్లనైనా ఒక్కరైతే ‘తూ’ అనేవారు.

మన తెలుగు సాయపడనిచోటు ఒకటుంది, భవిష్యత్తు. లాటిన్ క్రియలను రూపాలు మారే తీరును బట్టి గుంపులు చేస్తారు. మొదటి రెండు గుంపుల క్రియలకు ‘బో, బిస్, బిత్’ వస్తాయి: ‘అమాబిత్’, ప్రేమిస్తాడు. మూడో గుంపులో అవి రావు. ‘మిత్తిత్’ పంపుతున్నాడు, ‘మిత్తెత్’ పంపుతాడు. ఒక్క అచ్చు మారింది, అంతే. చాలామంది ఇక్కడే జారిపడతారు.

వాడుకోవడానికైతే, అమెరికా వైమానిక దళంలో కర్నల్‌గా పనిచేసిన విలియం విటేకర్ రాసిన ‘వర్డ్స్’ అనే పాత ఉచిత ప్రోగ్రాము ఉంది. లాటిన్ మాట ఇస్తే ధాతువు, కాలం, పురుష విడదీసి చెప్తుంది. నెట్ లేకుండా నడుస్తుంది, మీ నుంచి ఏ అనుమతీ అడగదు. గీతలు పట్టించుకోదు కాబట్టి ‘వెనిత్’ రూపానికి రెండు కాలాలూ చూపిస్తుంది. ఏది వర్తిస్తుందో వాక్యాన్ని బట్టి మీరే చూసుకోవాలి.

మీరు లా విద్యార్థి కాబట్టి మీ పుస్తకాల్లోనే కొన్ని క్రియలు దొరుకుతాయి. ‘అఫిడవిట్’ అంటే ప్రమాణం చేశాడు, ‘అమావిత్’ (ప్రేమించాడు)లో ఉన్న తోకే దానికీ ఉంది. ‘వీటో’ అంటే నిషేధిస్తున్నాను. ఆస్పత్రుల్లో వినే ‘ప్లాసిబో’ భవిష్యత్తు, మెప్పిస్తాను. రోజూ అనే ‘వీడియో’, ‘ఆడియో’ కూడా వర్తమానంలో ఉన్న క్రియలే: చూస్తున్నాను, వింటున్నాను. మిగతావాటికి అట్టముక్కలు కోసి కార్డులు చేసుకోండి. ఒక్కో క్రియకు నాలుగు మూలరూపాలూ ఒకే కార్డు మీద, తెలుగు లిపిలో, దీర్ఘాలతో సహా: మిత్తో, మిత్తెరె, మీసీ, మిస్సుమ్.