సగంలో ఆపిన రక్తం, కొడుకు ఇవ్వజూపిన రక్తం

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. గర్భసంచి ఆపరేషన్‌కు ముందు రక్తం తక్కువగా ఉందని మా అమ్మకు వరంగల్‌లోని ఒక ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. అరగంట కాకముందే వణుకు, జ్వరం వచ్చాయి. సిస్టర్ వెంటనే ఆపేసి, మిగిలిన రక్తాన్ని సంచితో సహా బ్లడ్ బ్యాంకుకు పంపించారు. జ్వరం తగ్గింది. ఎంతో తిరిగి తెచ్చిన రక్తం వృథా అయిందని నాన్న బాధపడుతున్నాడు. మళ్లీ ఒక యూనిట్ ఎక్కించాలంటున్నారు. ఈసారి నా రక్తమే ఇస్తే మంచిది కాదా?

జవాబు: ఆ సిస్టర్ చేసిన పని సరైనది. ఇలాంటి జ్వరం చాలాసార్లు దాత తెల్లకణాల వల్ల వచ్చి గంటల్లో తగ్గిపోయేదే అయినా, గ్రూపు కలవని రక్తం ఎక్కినప్పుడూ, సంచిలో సూక్ష్మజీవులు పెరిగినప్పుడూ మొదట కనిపించేది ఇదే వణుకు, ఇదే జ్వరం. మంచం పక్కన నిలబడి ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. తిరిగి వెళ్లిన ఆ సంచితోనే గ్రూపు, క్రాస్ మ్యాచింగ్ (దాత రక్తం రోగి రక్తంతో కలుస్తుందా అని చూసే పరీక్ష) మళ్లీ చూసి కారణం తేలుస్తారు. ఆ ఫలితం రాకముందు, ప్రాణాపాయం ఉంటే తప్ప, రెండో యూనిట్‌కు తొందరపడవద్దు.

ఇక మీ రక్తం సంగతి. మీ ఆలోచనలోని ప్రేమను కాదనను కానీ, మీ అమ్మగారికి మీరు తగిన దాత కారు. బిడ్డను మోసే నెలల్లో, బిడ్డకు తండ్రి నుంచి వచ్చిన లక్షణాలున్న కణాలపై తల్లి శరీరంలో యాంటీబాడీలు, అంటే పరాయి కణాలను ఎదుర్కొనే పదార్థాలు, తయారు కావచ్చు. పిల్లల్ని కన్న స్త్రీలలో ఇలాంటి జ్వరాలు ఎక్కువ కావడానికి అదొక కారణం, మీ రక్తంలో ఉండేవీ సరిగ్గా ఆ లక్షణాలే. అంతేకాక, దగ్గరి బంధువు రక్తాన్ని ముందుగా రేడియేషన్‌కు గురిచేయకుండా ఎక్కిస్తే దాత తెల్లకణాలు రోగి శరీరంపైనే దాడి చేసే జబ్బు అరుదుగా వస్తుంది, వస్తే బతకడం కష్టం. మీ యూనిట్‌ను బ్యాంకుకు ఇవ్వండి, అది మరొకరికి పనికొస్తుంది. అమ్మగారికి తెల్లకణాలు తీసేసిన రక్తం దొరుకుతుందేమో వైద్యుణ్ణి అడగండి.

ఈసారి మీరు పక్కనే ఉండండి. ప్రాణాంతకమైన పొరపాట్లు ప్రయోగశాలలో కంటే మంచం దగ్గరే ఎక్కువ జరుగుతాయి. మన వైపు ఒకే వార్డులో ఇద్దరు సమ్మక్కలు, ముగ్గురు మల్లయ్యలు ఉండటం వింత కాదు. "నువ్వు సమ్మక్కవేనా?" అంటే మగతలో ఉన్న మనిషి దేనికైనా తలూపుతుంది, "నీ పేరేందమ్మా?" అని అడిగించి, కేస్ షీట్ మీది నంబరును సంచి మీది చీటీతో కలిపి చూడమనండి. సంచి చల్లగా ఉందని వేడినీళ్లలో ముంచడం, చంకలో పెట్టుకోవడం మానండి, కణాలు పగిలిపోతాయి. మొదటి 15 నిమిషాలు నెమ్మదిగా ఎక్కించి కనిపెట్టి చూడాలి, మొత్తం 4 గంటలు దాటకూడదు. నడుము నొప్పి, ఆయాసం, దద్దుర్లు, ఎర్రటి మూత్రం, ఏది కనిపించినా వెంటనే పిలవండి.

ఇంటికి వెళ్లాక రెండు వారాల వరకూ కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా డిశ్చార్జి కాగితం పట్టుకొని అదే ఆసుపత్రికి వెళ్లండి. మొదటిసారి వచ్చిన జ్వరం గురించి ఆ కాగితంలో రాయించుకోవడం మరవకండి.