డబ్బా ఎక్కడ పెట్టారో ముందు చెప్పండి: ఇంటి 5జీ నెట్ మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే వస్తువు మీద ఉన్నాయి. తీగ లేకుండా టవర్ సిగ్నల్ పట్టుకుని ఇల్లంతా వైఫై ఇచ్చే డబ్బా. దాన్ని ఒకరు ఎయిర్‌ఫైబర్ అంటున్నారు, ఇంకొకరు సిమ్ రౌటర్ అంటున్నారు, అమెరికా నుంచి రాసినావిడ గేట్‌వే అంది, పని మాత్రం ఒకటే. అక్కడ టీ-మొబైల్ అనే ఫోన్ కంపెనీ 2021లో మొదలుపెట్టింది, మన దగ్గర 2023 ఆగస్టులో ఎయిర్‌టెల్ ఢిల్లీ, ముంబైలలో, ఆ ఏడాది సెప్టెంబరులో వినాయక చవితికి జియో హైదరాబాద్‌తో కలిపి 8 నగరాల్లో పెట్టాయి. ఫైబర్ కేబుల్ రాని ఊళ్ళకి ఇది నిజంగా పెద్ద ఆసరా, అందుకే అది సరిగా పనిచేయకపోతే ఇంట్లో అందరికీ ఇబ్బందే. కంపెనీల పేర్లు ఉత్తరాల్లోంచి తీసేశాను, ఏ కంపెనీ డబ్బాకైనా ఈ జవాబులు సరిపోతాయి.

ప్రశ్న: సార్, మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాలుగు నెలల కింద 5జీ డబ్బా పెట్టించాం, హాల్లో టీవీ వెనకాల పెట్టి వెళ్ళాడు అబ్బాయి. మొదట్లో బానే ఉండేది, ఇప్పుడు మా పాప ఆన్‌లైన్ క్లాసు పెడితే గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. ఫోన్లో వైఫై గుర్తు మాత్రం నిండుగా ఉంటుంది. కస్టమర్ కేర్‌కి చేస్తే ఆపి ఆన్ చేయమంటారు, రోజుకి నాలుగుసార్లు అదే పని. పెద్ద ప్లాన్ తీసుకుంటే బాగుపడుతుందా?

జవాబు: ప్లాన్ మార్చకండమ్మా, డబ్బులు దండగ. ఫోన్లో నిండుగా కనపడే ఆ గుర్తు మీ ఫోన్‌కీ డబ్బాకీ మధ్య సంగతే చెప్తుంది, డబ్బాకీ టవర్‌కీ మధ్య ఏం జరుగుతోందో దానికి తెలీదు. నెట్ మీ దాకా రెండు అంగల్లో వస్తుంది, టవర్ నుంచి డబ్బాకి ఒక అంగ, డబ్బా నుంచి ఫోన్‌కి ఇంకో అంగ. ఎక్కడ కాలు జారుతోందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే, అది తెలుసుకోకుండా ఎన్నిసార్లు ఆపి ఆన్ చేసినా లాభం లేదు.

తెలుసుకోవడం తేలికే. డబ్బా పక్కనే నిలబడి ఫోన్లో స్పీడ్ టెస్ట్ పెట్టండి, ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే లాన్ కేబుల్‌తో డబ్బాకే గుచ్చి చూస్తే ఇంకా నమ్మకం. అక్కడ కూడా నెమ్మదిగా ఉంటే తప్పు టవర్ వైపు. అక్కడ జోరుగా వచ్చి పాప గదిలో రాకపోతే తప్పు వైఫైది, అంటే మధ్యలో గోడలు, బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం, నీళ్ళ ట్యాంకు లాంటివి అడ్డు.

టవర్ వైపే అనిపిస్తే డబ్బా సెట్టింగ్స్ పేజీ గానీ కంపెనీ యాప్ గానీ తెరవండి, పేజీ అడ్రసు, పాస్‌వర్డ్ డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. అందులో ఆర్‌ఎస్‌ఆర్‌పీ అని మైనస్ అంకె ఒకటి ఉంటుంది, అది టవర్ సిగ్నల్ బలం. -80 అంటే చాలా బాగున్నట్టు, -100 దాటితే నీరసం, -115 దగ్గరికి వస్తే ఇక కష్టం. మైనస్ కాబట్టి అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు, పొరబడకండి. 10 తేడా వచ్చిందంటే బలం పదోవంతుకి పడిపోయిందని అర్థం, అందుకే డబ్బాని నాలుగడుగులు జరిపితే కూడా తేడా కనపడుతుంది. దాని పక్కనే ఎస్ఐఎన్ఆర్ అని ఉంటుంది, అది సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పేది, 20 దాటితే హాయి, సున్నాకి దగ్గరైతే బలం ఉన్నా ఉపయోగం లేదు, పెళ్ళిపందిట్లో బాజాల మధ్య చెవిలో మాట చెప్పినట్టు ఉంటుంది.

ఇప్పుడు డబ్బాని టీవీ వెనకనుంచి తీసి టవర్ ఉన్న వైపు కిటికీ దగ్గర, కాస్త ఎత్తులో పెట్టండి. టవర్ ఎటుందో తెలీకపోతే నాలుగు కిటికీల దగ్గరా ఐదేసి నిమిషాలు ఉంచి అంకె రాసుకోండి, ఎక్కడ బాగుంటే అక్కడే దాని చోటు. 5జీలో ఎక్కువగా వాడే 3.5 గిగాహెర్ట్జ్ తరంగాలు స్లాబునీ దళసరి గోడల్నీ దాటలేక నీరసపడిపోతాయి, 700 మెగాహెర్ట్జ్ అయితే దూరం పోతుంది, గోడలు కూడా దాటుతుంది, కాకపోతే అంత స్పీడు మోయలేదు.

ఒక మాట అడగాలి, మొదట్లో బాగుండేదన్నారు కదా, ఈ మధ్యలో ఏం మారింది? పండక్కి ఇల్లు సర్దేటప్పుడు డబ్బా జరిగిందా, పక్కింట్లో మేడ లేచిందా? టీవీ వెనక గాలి ఆడక డబ్బా వేడెక్కినా స్పీడు తగ్గించుకుంటుంది, చేత్తో ముట్టుకుని చూడండి. ఇంకోటి, వెనక చిన్న బెజ్జం ఉంటుంది, దాన్లో పిన్ను పెట్టి నొక్కమని ఎవరైనా చెప్తే తొందరపడొద్దు, సెట్టింగ్స్ అన్నీ పోయి మళ్ళీ మనిషి రావాల్సి వస్తుంది.

ప్రశ్న: అన్నా, మాది సిద్దిపేట దిక్కు. ఇంట్ల నుంచే జాబ్ చేస్తున్న. పొద్దున 200 స్పీడ్ వస్తది, రాత్రి 8 అయిందంటే 5 కూడా వస్తలేదు. అమెరికా టీంతోని మీటింగ్ అదే టైంకి ఉంటది. వాళ్ళు మాట్లాడేది నాకు మంచిగనే ఇనపడ్తది గని నా మాట వాళ్ళకి తెగుతది. డబ్బ కిటికీ కాడనే ఉంది. డబ్బ మార్చమంటవా?

జవాబు: వద్దు తమ్ముడూ, నీ డబ్బా బాగానే ఉంది. పొద్దున ఒకసారి, రాత్రి 9కి ఒకసారి ఆర్‌ఎస్‌ఆర్‌పీ చూడు. రెండుసార్లూ ఒకేలా ఉండి స్పీడే పడిపోతోందంటే అది టవర్ మీద రద్దీ. ఊళ్ళో అందరూ తిని టీవీలో సినిమా పెట్టుకునే టైం, పిల్లలు రీల్స్ చూసే టైం, టవర్‌లో మీ వైపు చూసే భాగం (సెక్టార్) మీద ఉన్న ఫోన్లూ ఇలాంటి డబ్బాలూ అన్నీ అవే తరంగాల్ని పంచుకోవాలి. ఫైబర్‌కి ఇంటింటికీ తీగ ఉంటుంది, దీనికి లేదు, ఈ తేడా అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు, చెప్పాలి.

నీ మాట తెగడం సంగతి. 5జీలో ఎక్కువగా వాడే 3.5 గిగాహెర్ట్జ్‌లో పంపడానికీ అందుకోవడానికీ ఒకే తరంగం మీద టైం పంచుతారు, అందులో ఎక్కువ వాటా డౌన్‌లోడ్‌కే ఇస్తారు. పైగా టవర్ బలంగా అరవగలదు, నీ చిన్న డబ్బాకి అంత గొంతు లేదు. కాబట్టి ఇబ్బంది వచ్చిందంటే ముందు దెబ్బతినేది అప్‌లోడే. స్పీడ్ టెస్ట్‌లో జనం పైన ఉండే పెద్ద అంకె చూసి వదిలేస్తారు, నువ్వు కింద అప్‌లోడ్ అంకె చూడు, అది 2 దాటకపోతే వీడియో తీసేసి మాటతోనే మీటింగ్ కానివ్వు, మాటకి అందులో పదోవంతు చాలు. ఆ గంటలో ఫోన్లలో ఫోటోల బ్యాకప్ కూడా ఆపెయ్యి, అప్‌లోడ్‌ని మింగేది అదే.

డబ్బాని కొంచెం తిప్పి వేరే టవర్ పట్టించి చూడు, ఆర్‌ఎస్‌ఆర్‌పీ కాస్త తక్కువైనా ఖాళీగా ఉన్న టవరే మేలు. వారం రోజులు టైంతో సహా స్పీడు, సిగ్నల్ అంకెలు రాసుకుని 198కి కంప్లయింట్ ఇచ్చి డాకెట్ నంబర్, అంటే ఆ కంప్లయింట్ నంబర్, తీసుకో. తేలకపోతే ఆ కంపెనీ అప్పీల్ అథారిటీకి ఆ నంబర్‌తోనే వెళ్ళొచ్చు. ఊరికే స్లో ఉందంటే ఎవరూ కదలరు, అంకెలుంటే వినాల్సిందే. అయినా ఉద్యోగం దీని మీదే ఉంది కాబట్టి ఖాయంగా చెప్తున్నా, మీ వీధిలోకి ఫైబర్ వచ్చిన రోజున మారిపో.

ప్రశ్న: మాది భీమవరం పక్కనండి, నాలుగు రొయ్యల చెరువులున్నాయండి. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రాత్రికి రాత్రి రొయ్యంతా పోద్దండి, అందుకని గట్టు మీద షెడ్డులో సిమ్ రౌటర్, కెమెరా బొమ్మలు రికార్డు చేసే డీవీఆర్, కెమెరాలు పెట్టించాం. షెడ్డులో కూచుంటే ఫోన్లో కెమెరా కనపడుద్ది, ఇంటికొస్తే కనపడదు. కుర్రాడు పోర్ట్ ఫార్వార్డింగ్ అని ఏదో మూడుసార్లు చేశాడు, లాభం లేదండి.

జవాబు: ఆ కుర్రాడి తప్పేం లేదండి. పోర్ట్ ఫార్వార్డింగ్ అంటే బయటనుంచి వచ్చే పిలుపుని రౌటర్ నేరుగా డీవీఆర్‌కి అందించడం, మామూలు సిమ్ నెట్ మీద అది పనిచేయదు. ఇంటి నెట్‌కి బయట నుంచి రావడానికి సొంత అడ్రసు ఉండాలి, సిమ్ కంపెనీలు ఒకే అడ్రసుని చాలామందికి పంచుతాయి, దాన్ని సీజీనాట్ అంటారు. బయటనుంచి మీ డీవీఆర్‌ని పిలిస్తే ఆ పిలుపు కంపెనీ దగ్గరే ఆగిపోతుంది, మీ రౌటర్ దాకా రాదు. రౌటర్ పేజీలో వాన్ ఐపీ, అంటే కంపెనీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రసు, చూడండి, 10తో మొదలైనా, 100.64 నుంచి 100.127 మధ్యలో ఉన్నా సంగతి ఇదే.

దారి ఏంటంటే డీవీఆరే బయటికి ఫోన్ చేసుకోవాలి. దాని మెనూలో నెట్‌వర్క్ కింద పీటూపీ అనో క్లౌడ్ అనో ఉంటుంది, ఆన్ చేసి స్క్రీన్ మీద వచ్చే క్యూఆర్‌ని ఆ కంపెనీ యాప్‌తో స్కాన్ చేస్తే ఇంటి దగ్గర్నుంచి కనపడుతుంది. పాస్‌వర్డ్ 12345లా వదిలేయకండి, మీ చెరువు ఊరంతా చూస్తుంది. నాలుగు కెమెరాలు ఒకేసారి పెద్ద క్వాలిటీలో చూడకండి, సబ్ స్ట్రీమ్, అంటే తక్కువ క్వాలిటీ బొమ్మ, పెట్టుకోండి, డేటా మిగులుతుంది.

కానీ రొయ్యని మాత్రం కెమెరా మీద వదలకండి. అర్ధరాత్రి నెట్ పోయినా మీరు నిద్రపోయినా అది ఏం చెప్పలేదు. కరెంటు పోయినా మోటారు ఆగినా ఫోన్ చేసే జీఎస్ఎం పరికరాలు, మొబైల్ స్టార్టర్లు దొరుకుతాయి, మామూలు కాల్‌తో, ఎస్సెమ్మెస్‌తో పనిచేస్తాయి, డేటా అక్కర్లేదు. కెమెరాల కంటే ముందు అది పెట్టించండి.

ప్రశ్న: నమస్తే అండీ, మేము టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. గేట్‌వేని మీరు గతంలో చెప్పినట్టే కిటికీ దగ్గర పెట్టాం, అయినా సిగ్నల్ సగమే. మధ్యాహ్నం దానంతట అదే ఆగిపోతుంది. ఆఫీస్ వీపీఎన్ కలుస్తుంది కానీ కొన్ని పేజీలు తెరుచుకోవు.

జవాబు: మీ దగ్గర కొత్త ఇళ్ళకి ఎండ వేడి ఆపడానికి కిటికీ అద్దాల మీద కంటికి కనపడని పల్చటి లోహపు పూత వేస్తారమ్మా, లో-ఈ గ్లాస్ అంటారు. అది వేడితో పాటు సిగ్నల్‌నీ తిప్పికొడుతుంది. కిటికీ తెరిచి ఒకసారి, మూసి ఒకసారి అంకె చూడండి, తేడా బాగా ఉంటే అద్దమే కారణం, అప్పుడు అద్దం లేని మామూలు గోడ పక్కన లేదా మేడ మీది గదిలో పెట్టి చూడండి. మధ్యాహ్నం ఆగడం టెక్సస్ ఎండ పనే అయ్యుంటుంది, నేరుగా ఎండ తగిలే గట్టు మీద నుంచి తీసేయండి. ఆఫీస్ నెట్‌కి కలిపే ఆ వీపీఎన్‌కి ఎంటీయూ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, ఒక్కో ప్యాకెట్, అంటే డేటా మూట, ఎంత పెద్దది ఉండొచ్చో అది చెప్తుంది, సెల్యులార్ దారిలో ప్యాకెట్‌కి చోటు కాస్త తక్కువ, దాన్ని 1300కి దించమని మీ ఆఫీస్ ఐటీ వాళ్ళని అడగండి.

ప్రశ్న: బాబూ, మాది అమలాపురం. రిటైర్డు టీచర్ని. డాబా మీద పిట్టగోడకి తెల్లడబ్బా బిగించారు, వాన పడితే నెట్ పోతుంది, ఎండ వస్తే మధ్యాహ్నానికి వస్తుంది. వానకి సిగ్నల్ ఆగిపోతుందా?

జవాబు: మాస్టారూ, వాన అడ్డు పడితే చినుకులు ఆగిన కాసేపటికే నెట్ వచ్చేయాలి. అంత గట్టిగా వాన ప్రభావం ఉండేది 26 గిగాహెర్ట్జ్ లాంటి పై తరంగాలకి, 3.5కి చాలా తక్కువ. మీకు ఎండ కాసి ఆరాకే వస్తోంది, అంటే తడి ఎక్కడో దిగుతోంది. పై డబ్బాకి కరెంటు, డేటా రెండూ ఒకే లాన్ కేబుల్లోంచి వెళ్తాయి, ఆ జాక్ దగ్గర నీళ్ళు చేరితే రెండూ ఆగుతాయి. రాగి పిన్నులకి పచ్చగా చిలుము పట్టి ఉంటుంది, కొత్త జాక్ వేసి రబ్బరు మూత సరిగా బిగించాలి. కేబుల్ ఇంట్లోకి దూరే చోట కిందికి ఒక వంపు వదలమనండి, నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, లోపలికి పాకదు. కోతులూ ఉడతలూ తీగ కొరికాయేమో అదీ చూడమనండి.

ఇదంతా కంపెనీ మనిషితో చేయించండి మాస్టారూ, తడి డాబా మీదకి మీరు ఎక్కకండి. ఉరుములు మొదలవకముందే, మబ్బు కమ్ముతుండగానే కింద అడాప్టర్ ప్లగ్గు తీసి, పైనుంచి వచ్చే కేబుల్ కూడా ఊడదీసి పక్కన పెట్టండి. స్విచ్ ఆపితే సరిపోదు.